బంపర్ సొట్ట పని: నల్లగొండ, పాలమూరు షెడ్లకు ఎన్ని మార్కులు?

ఫంక్షన్ హాల్ ముందర రివర్స్ తీస్తుంటె స్తంభం తగులుడు, చెర్వుగట్టు జాతరకాడ పక్క బండి మూలకు రాసుకుంట పోవుడు, ఇంటి గేటు సందుల తిప్పుతుంటె గోడ ఒత్తుకునుడు. పార్కింగ్‌ల తగిలే దెబ్బలు దాదాపు ఇన్నే. బంపర్ మీద జానెడు సొట్ట పడ్తది, రంగు కొంచెం గీసుకపోతది, బండి నడువనీకె మాత్రం ఏ ఇబ్బందీ ఉండదు. అప్పుడు నాలుగు దారులు కనిపిస్తయి: ఇంట్లనే ఉడుకు నీళ్లు పోసి చూసుడు, రోడ్డు మీది డెంటింగ్ షెడ్డుకు ఇచ్చుడు, కంపెనీ సర్వీస్ సెంటర్‌కు పోవుడు, కొత్త బంపర్ ఎయ్యించుడు. ఈ రివ్యూ ముఖ్యంగ షెడ్డు పని మీద. నల్లగొండ, మిర్యాలగూడ, సూర్యాపేట, జడ్చర్ల, మహబూబ్‌నగర్ ఎక్కడ చూసినా పద్ధతి ఇంచుమించు ఒక్కతీరే. అందుకే ఏ షెడ్డు పేరూ లేదు, మాటంతా పని గురించే.

సొట్ట ఎత్తుట్ల షెడ్డు మేస్త్రీలకు పదికి ఎనిమిది ఇయ్యొచ్చు. ప్లాస్టిక్ మీద రంగు వేసుట్ల మాత్రం నాలుగు దాటదు. అసలు సొట్ట తీసుడు అగ్గువ పని. పైసలు పోయేది, పని చెడేది రెండు చోట్ల: లోపల బంపర్‌ను బండికి పట్టి ఉంచే లాకులు విరిగిన కాడ, పైన వేసే రంగు కాడ. బేరం ఆడేటప్పుడు మనం సొట్ట గురించే మాట్లాడతం, ఆ రెండూ అడగం.

దెబ్బను ముందు చదవాలె

బయటికి కనిపించే బంపర్ ఒట్టి తొడుగు. ఎక్కువ కార్లల్ల అది పాలీప్రొపిలీన్‌కు (పీపీ) రబ్బరు గుణమున్న ఈపీడీఎం కలిపిన ప్లాస్టిక్, మందం దాదాపు 3 మిల్లీమీటర్లు. లోపలి దిక్కు అచ్చుల పోసిన గుర్తు ఉంటది: పీపీ ప్లస్ ఈపీడీఎం అని, దాని పక్కన టీ అక్షరంతో ఒక అంకె. టీ10 అంటె 10 శాతం టాల్క్ పొడి కలిసిందన్నట్టు. ఈ గుర్తు తర్వాత వెల్డింగ్ కాడ పనికొస్తది, ఫోన్ల ఫొటో తీసి పెట్టుకోవాలె. తొడుగు ఎనుక చాలా కార్లల్ల దెబ్బను మింగే నురగ దిమ్మె, దాని ఎనుక ఇనుప బీమ్ ఉంటయి.

సొట్టలు మూడు రకాలు. గిన్నె లెక్క గుండ్రంగ లోపలికి పోయి, రంగు పగలకుంటె అది సులువైనది. వేడి తగిలితె బయటికి వస్తది. రెండోది మడత పడ్డది. కాగితం మడిచినట్టు గీత ఉంటది, ఆ గీత మీద రంగు సన్నగ చిట్లి ఉంటది, నల్ల ప్లాస్టిక్ అయితె తెల్లగ పాలిపోయి ఉంటది. అంటె అక్కడ ప్లాస్టిక్ సాగింది. సాగినది పూర్తిగ ఎనకకు రాదు, ఎంత మంచి చెయ్యి పడ్డా సన్నటి గీత నీడ మిగులుతది, రంగు తప్పదు. మూడోది పగిలింది. పగులు వేలెడు ఉన్నా ఉడుకు నీళ్ల మాట మర్చిపోవాలె.

సొట్ట ఒక్కటే చూసి ఊకోవద్దు. బంపర్, ఫెండర్ (చక్రం పైన ఉండే రేకు) కలిసేకాడ సందు రెండు దిక్కులా సమానంగ ఉందా? మూలను బొటనవేలితోని ఒత్తితె కదులుతుందా, లోపల టక్కుమంటుందా? కదిలితె పక్క బ్రాకెట్ విరిగింది, లేదంటె బంపర్ చెవి తెగింది. హెడ్‌లైట్ కింద సందు ఒక దిక్కు ఎడల్పైతె హెడ్‌లైట్ కాలు విరిగి ఉండొచ్చు. ముందర దెబ్బ అయితె గ్రిల్ సందులకెల్లి టార్చ్ ఏసి ఏసీ కండెన్సర్ ఒంగిందేమో చూడాలె. ఇవన్నీ షెడ్డుకు పోకముందే ఫొటోలు తీయాలె. బండి అప్పజెప్పినంక విరిగిన లాకు ఎప్పటిదో ఎవరు చెప్పగలరు?

ఉడుకు నీళ్లు: ఫ్రీ పని, సగం సార్లు సరిపోతది

ఈ ప్లాస్టిక్‌కు అచ్చుల పడ్డప్పటి రూపం యాది ఉంటది. 80 నుంచి 100 డిగ్రీల మధ్యల మెత్తబడి పాత రూపానికే పోవాలని చూస్తది, 160 దగ్గర కరుగుతది. మసిలే నీళ్లతోని ఆ మొదటి అంచు అందుకోవచ్చు, అందుకే ఈ చిట్కా ఒట్టి మాట కాదు. కాకపోతె కెటిల్ నుంచి బంపర్ దాకా వచ్చేసరికి నీళ్ల వేడి దిగుతది, మూడు మిల్లీమీటర్ల ప్లాస్టిక్ లోపలిదాకా వేడెక్కాలంటె ఒక్క చెంబుతోని కాదు. 4 లీటర్లు దగ్గర పెట్టుకొని, సొట్ట పై అంచు మీద సన్నటి ధారగ నిమిషం పాటు పొయ్యాలె. చలికాలం పొద్దుగాల చేస్తె రెండింతలు పడ్తయి. మే నెల మిట్టమధ్యాహ్నం ఎండల నిలబెట్టిన నల్ల బండికైతె సగం పని ఎండనే చేసి పెడ్తది.

లోపల చెయ్యి పెట్టే దారి లేకుంటె నీళ్లు పోసి లాభం లేదు. ముందటి మూల సొట్టకు స్టీరింగ్ పూర్తిగ ఒక దిక్కు తిప్పి, చక్రం గూడు లోపలి నల్ల లైనర్ క్లిప్పులు రెండు మూడు తీస్తె చెయ్యి పోతది. వెనక మూలకు చాలా బండ్లల్ల టెయిల్ లైట్ ఇప్పితె సందు దొరుకుతది. చేతికి మందపాటి రబ్బరు గ్లౌజు. సైలెన్సర్ చల్లారిందా అని వెనక దిక్కు చెయ్యి పెట్టకముందు చూసుకోవాలె.

తోసుడు సొట్ట నడుమల మొదలు పెడ్తరు, అక్కడనే తప్పు. సొట్టను పట్టి ఉంచేది దాని చుట్టున్న అంచు. అంచు మీద మెల్లగ ఒత్తుకుంట చుట్టూ తిరిగి నడుమకు వస్తె టప్పుమని దానంతట అదే బయటికి దుంకుతది. నడుమల స్క్రూడ్రైవర్ మొనతోని పొడిస్తె పైన మొటిమ లెక్క లేస్తది, ఆ మొటిమ సొట్టకన్న అసయ్యం, మళ్ల లోపలికి పోదు. గుడ్డ చుట్టిన కర్ర సుత్తె పిడి, లేదంటె టెన్నిస్ బాల్ బెస్ట్. బయటికి వచ్చినంక చెయ్యి తీయకుండ తడి గుడ్డతోని చల్లార్చి, ఒక నిమిషం పట్టుకోవాలె. వేడి మీద వదిలేస్తె కొంత ఎనకకు జారుతది. మూడుసార్లు పోసినా రాకుంటె ఆపేయాలె, అది నీళ్లతోని వచ్చేది కాదు.

ఆన్‌లైన్ల అమ్మే వాక్యూమ్ కప్పు ఇనుప డోరు మీద, సాఫ్ పానెల్ మీద కొంత పని చేస్తది. బంపర్ ఒంపుల మీద గాలి పట్టదు, గరుకు ప్లాస్టిక్ మీద అసలే అంటుకోదు. డియోడరెంట్ డబ్బా తలకిందులు చేసి చల్లటి గాలి కొట్టే వీడియోలు ప్లాస్టిక్‌కు సంబంధం లేని ముచ్చట. హెయిర్ డ్రయర్ వేడి చాలదు.

షెడ్డుల ఏం జరుగుతది

మంచి షెడ్డు, మామూలు షెడ్డు మధ్య తేడా ఒక్క ప్రశ్నకే తెలిసిపోతది: "అన్నా, బంపర్ ఇప్పి చేస్తవా, బండి మీదనే చేస్తవా?" ఇప్పకుండ చేసేటోళ్లు బయటి దిక్కు నుంచి బ్లో ల్యాంప్ మంట కొడ్తరు. సొట్ట వస్తది, రంగు బుడగలు లేస్తది, "ఎట్లైనా పెయింట్ ఎయ్యాలె గద సార్" అంటరు. రంగు పగలని సొట్టకు, అంటె 20 నిమిషాల్ల ఐపోయే పనికి, పెయింట్ ఖర్చు అట్ల మీద పడ్తది. ఫాగ్ ల్యాంప్ చుట్టున్న నల్ల గరుకు ముక్క మంటకు నున్నగ అయితది. ఆ గరుకు మళ్ల తేలేరు.

బంపర్ ఊడదీసుడు కష్టమేం కాదు. మామూలు హ్యాచ్‌బ్యాక్‌కు పైన రేడియేటర్ కాడ నాలుగైదు నొక్కుడు క్లిప్పులు, చక్రం గూట్ల దిక్కుకో స్క్రూ, కింద ఇంకో నాలుగైదు బోల్టులు. 10 నంబర్ పానా, స్టార్ స్క్రూడ్రైవర్, ప్లాస్టిక్ పట్టీ చాలు. ఇద్దరుంటె అరగంట. మూలలు ముందుకు గుంజొద్దు, పక్కకు తెరవాలె. ముందుకు గుంజుట్లనే మిగిలిన లాకులు కూడా ఇరుగుతయి. ఫాగ్ ల్యాంప్, సెన్సర్ కప్లర్లు ఊడదీసినంకనే దూరం జరపాలె. పాత క్లిప్పులు సగం ఇరుగుతయి, విడి క్లిప్పులు పది ముందే తెచ్చి పెట్టుకుంటె మేస్త్రీ వైరుతోని కట్టే అవసరం పడదు. అవును, కడ్తరు. లోపల బైండింగ్ వైరు, లేదంటె జిప్ టై; స్పీడ్ బ్రేకర్ మీద నెల రోజులు టకటక వినిపించినంక తెలుస్తది.

ఇప్పిన బంపర్‌ను బొంత మీద బోర్లేసి, హీట్ గన్ లోపలి దిక్కు నుంచి పెట్టాలె. అక్కడ రంగు లేదు, చెడేది లేదు. గాలి 300 డిగ్రీల సెట్టింగ్ మీద, 15 సెంటీమీటర్ల దూరంల, చెయ్యి ఆపకుండ తిప్పుతుండాలె. పైన ఒక నీటి చుక్క వేసి చూడాలె; చుయ్యిమంటె 100 దాటినట్టు, గన్ తీసెయ్యాలె. బంపర్ తనంతట తాను వంగే దాకా వేడి చేస్తె ఫెండర్ దిక్కు అంచు మెలిక పడ్తది, ఎక్కించేటప్పుడు ఎంత లాగినా సందు కలువదు. ఈ చెయ్యి తిప్పుడు మాత్రం మన షెడ్డు మేస్త్రీలకు బాగ వచ్చు. కంపెనీ సెంటర్ల సొట్ట ఎత్తే ఓపిక ఎవరికీ ఉండదు, పార్ట్ మార్చుడే తెలుసు. ఎనిమిది మార్కులు ఇక్కడివే.

పగులు, లాకులు: హాట్ స్టేప్లర్ చెయ్యిబట్టి పని

పీపీ ప్లాస్టిక్‌కు మామూలు జిగురు ఏదీ సరిగ్గ అంటదు. ఫెవిక్విక్, అరాల్డైట్, ఎంసీల్ అన్నీ పైపైన నిలుస్తయి, ఎండకు, కుదుపుకు రేకు లెక్క లేస్తయి. దీనికి వేడితోని అతుకుడే దారి. ఈ మధ్య చిన్న షెడ్లల్ల కూడా హాట్ స్టేప్లర్ వచ్చింది, పాత బంకగన్ పద్ధతికన్న ఎంతో నయం. వంకర స్టీల్ పిన్నును ఎర్రగ కాల్చి పగులుకు అడ్డంగ దించుతరు.

సరైన వరుస ఇట్లుంటది. పగులు చివరన 3 మిల్లీమీటర్ల తూటు. అది లేకుంటె పగులు పాకుతనే ఉంటది. రెండు అంచులు సమానంగ కలిపి ముందటి దిక్కు టేపు. లోపలి దిక్కు నుంచి పిన్నులు, ఒకదానికొకటి వేలెడు దూరంల, ఒకటి నిట్టనిలువు ఒకటి ఏటవాలు. పిన్ను ప్లాస్టిక్ మందంల మూడింట రెండొంతులే దిగాలె. ఎక్కువ దిగితె ముందటి దిక్కు అచ్చు కనబడ్తది, రంగు వేసినంక మరీ కనబడ్తది. దించినంక 10 సెకన్లు కదపకుండ పట్టుకోవాలె. వేడి మీదనే గన్ గుంజితె పిన్ను కూడా లేచొస్తది. పొగ నల్లగ వస్తె ప్లాస్టిక్ కాలిందన్నట్టు, కాలిన చోట మళ్ల పెళుసుగ ఇరుగుతది. తోకలు కత్తిరించి, పైన అదే జాతి ప్లాస్టిక్ కరిగించి పుయ్యాలె. మేస్త్రీ మూలకు పడి ఉన్న పాత బంపర్ల నుంచి పట్టీ కోసుకొస్తె అనుమానపడొద్దు, గుర్తు ఒక్కటైతె అది వెల్డింగ్‌కు కరిగించనీకె మంచి రాడ్డే. గుర్తు కలువని గ్రిల్ ముక్క తెస్తె ఆపాలె: గ్రిల్లు చాలా మట్టుకు ఏబీఎస్ అనే వేరే జాతి ప్లాస్టిక్, పీపీతోని కలువదు. గుర్తు చెరిగిపోయి ఉంటె చిన్న పొట్టు కోసి నీళ్లల్ల వెయ్యాలె. ఏబీఎస్ మునుగుతది. తేలితె పీపీ జాతే. టాల్క్ 20 శాతం దాటినది మాత్రం పీపీ అయినా మునుగుతది, అందుకే గుర్తు ఉన్నప్పుడు గుర్తునే నమ్మాలె. పిన్నులు స్టెయిన్‌లెస్ అయి ఉండాలె. మామూలు ఇనుపవి ఒక వానకాలం తర్వాత తుప్పు పట్టి రంగు కిందికెల్లి మరక తెస్తయి.

విరిగిన లాకుకు పిన్నుల మీద సన్నటి స్టీల్ జాలీ కరిగించి కూర్చోబెడ్తె నిలుస్తది. పక్క బ్రాకెట్ మాత్రం అతికించొద్దు. అది విడిగ దొరికే చిన్న ముక్క, కొత్తది వెయ్యాలె.

రంగు: నాలుగు మార్కుల కథ

కొత్తగ వేసిన రంగు ఆరు నెలలకు గోరుతోని గీకితె పొర లెక్క లేస్తుందా? ప్రైమర్ తప్పింది. లోహం మీద పట్టే ప్రైమర్ పీపీ మీద పట్టదు. ఒట్టి ప్లాస్టిక్ తేలిన ప్రతి చోటా ముందుగాల ప్లాస్టిక్ ప్రైమర్ పల్చగ ఒక పూత పడాలె, తర్వాతనే 2కే (హార్డ్‌నర్ కలిపి కొట్టే) ప్రైమర్. ఈ ప్లాస్టిక్ ప్రైమర్ చిన్న డబ్బా, ఒక్క బంపర్‌కు పట్టేది కొంచెమే. అయినా షెడ్లల్ల పదింట ఏడు సార్లు ఎగ్గొట్టేది దీన్నే అని చెప్పినా పెద్ద తప్పు పోదు. "ప్లాస్టిక్ ప్రైమర్ కొడ్తవా?" అంటె "అన్నీ కొడ్తం సార్" అంటరు, డబ్బా చూపియ్యమనాలె. లేదంటె మనమే కొనుక్కపోయి చేతికియ్యాలె, అది ఇంకా మంచిది.

రెండో తప్పు లప్పం. మామూలు పాలియెస్టర్ పుట్టీ రాయి లెక్క గట్టిపడ్తది, బంపర్ వంగుతది. మళ్లొక్కసారి మోకాలు తగిలినా పుట్టీ పెచ్చు పెచ్చుగ లేస్తది. బంపర్‌కు వంగే గుణమున్న ప్లాస్టిక్ పుట్టీ వేరే ఉంటది. అదైనా రెండు మిల్లీమీటర్లు దాటొద్దు. దాటాల్సి వస్తుందంటె సొట్ట పూర్తిగ ఎత్తలేదన్నట్టే, లప్పంతోని గుంత పూడుస్తున్నరు. రంగు వెయ్యకముందు ఒకసారి షెడ్డుకు పోయి చూడాలనేది అందుకే. రంగు పడ్డంక అన్నీ నున్నగనే కనిపిస్తయి.

గీసుడు కాడ పీపీకి ఒక పాడు గుణం ఉంది. గరుకు కాగితం పెడ్తె నారలు లేచి నూగు పడ్తది. ఆ నూగు మీద ప్రైమర్ కొడ్తె రంగు కింద గడ్డం పెరిగినట్టు కనబడ్తది. 180 నంబర్‌తోని మొదలుపెట్టి 320కి వచ్చి, ఒక పూత ప్రైమర్ కొట్టి ఆరినంక 400, తర్వాత 600 వాటర్ పేపర్. ఇక్కడ తొందర పడే షెడ్లల్ల 180 గీతలు రెండు నెలలకు రంగుల నుంచి పైకి తేల్తయి, ప్రైమర్ ఆరి కుంగుతది కాబట్టి. వాటర్ పేపర్ పట్టినంక బోరు నీళ్ల ఉప్పు బంపర్ మీద ఎండనీయొద్దు. మన దిక్కు ఎక్కువ ఊర్లల్ల నీళ్లు ఎంత గట్టివో బకెట్ అడుగు చూస్తె తెలుస్తది. ఆ తెల్లటి పొర తుడవకుండ రంగు కొడ్తె అక్కడ బుడగలు లేస్తయి. క్యాన్ నీళ్లు ఒక్క బకెట్ సరిపోతది.

మెటాలిక్ రంగు ఉన్నోళ్లు ఇంకొంచెం జాగ్రత్త. కలర్ కోడ్ బండి మీదనే ప్లేట్ మీద ఉంటది, ఉదాహరణకు మారుతిల సుపీరియర్ వైట్ 26యూ, సిల్కీ సిల్వర్ జడ్2ఎస్. కోడ్ చెప్పి కంప్యూటర్ మిక్సింగ్ చేయించినా పదేండ్ల బండి ఎండకు పాలిపోయి ఉంటది, కొత్త రంగు వేరే పడ్తది. చిన్న రేకు ముక్క మీద కొట్టి, ఆరినంక క్లియర్ (పైన మెరుపుకు వేసే రంగులేని పూత) కూడా కొట్టి, బయట నీడల ఫెండర్ పక్కన పెట్టి చూసినంకనే బంపర్ మీద చెయ్యి పెట్టాలె. ట్యూబ్ లైట్ కింద కలిసింది పొద్దుగాల కలువదు. సిల్వర్‌ల మెరుపు రేణువులు గన్ దూరాన్ని బట్టి పడుకుంటయి. తడిగ కొడ్తె ముదురు, పొడిగ కొడ్తె లేత. అందుకే సిల్వర్ బండికి పైసలు పెట్టి అయినా బూత్ (రంగు కొట్టనీకె దుమ్ము రాకుండ మూసిన గది) ఉన్న చోటికి పోవుడు మేలు. తెల్ల బండి, అదీ పర్ల్ కాని తెలుపైతె షెడ్డు పని బాగనే ఉంటది. పర్ల్ తెలుపు మూడు పొరలు: కింద తెలుపు, నడుమ పర్ల్, పైన క్లియర్. నడుమది రెండు చేతులు ఎక్కువ పడ్డా పసుపుపచ్చగ తిరుగుతది.

రంగు దెబ్బ తగిలిన చోట మటుకే ఎయ్యడానికి ఒప్పుకోవచ్చు గానీ క్లియర్ కోటు మాత్రం బంపర్ మొత్తానికి పడాలె. సగంల ఆపి థిన్నర్‌తోని కలిపేస్తె ఆ రోజు కనిపించదు, ఏడాదిల ఆ అంచు తెల్లబారి లేస్తది.

మన వాతావరణం సంగతి. ఏప్రిల్, మే నెలల్ల 42 డిగ్రీలల్ల మామూలు థిన్నర్ గన్ నుంచి బంపర్ చేరేలోపే ఆవిరైతది, రంగు పొడి పొడిగ పడి నారింజ తొక్క లెక్క అయితది. స్లో థిన్నర్ వాడాలె, లేదంటె పొద్దుగాల ఏడు లోపు కొట్టాలె. వాన పడుతున్న రోజు కొడ్తె తేమ చిక్కి క్లియర్ పాలలెక్క మబ్బుపడ్తది. రోడ్డు మీది షెడ్డుల దుమ్ము సంగతి చెప్పే పనే లేదు. నేల మీద నీళ్లు చల్లి, పరదా కట్టి కొట్టేటోడు దొరికితె వానికే ఇయ్యాలె. ఇంట్ల స్ప్రే డబ్బాలతోని చేసుకునేటోళ్లకు ఒక్క మాట: ఒక్క డబ్బాల వచ్చే మామూలు క్లియర్ పెట్రోల్ చుక్క పడ్డా కరుగుతది. హార్డ్‌నర్ కలిపే 2కే క్లియర్ గట్టిది, కానీ దాంట్ల ఊపిరితిత్తులకు చెడుపు చేసే ఐసోసయనేట్ అనే రసాయనం ఉంటది. గుడ్డ మాస్క్ దాన్ని ఆపదు, కార్ట్రిడ్జ్ ఉన్న పెయింట్ మాస్క్ లేకుండ ముట్టొద్దు. షెడ్లల్ల పిలగాండ్లు కర్చీఫ్ కట్టుకొని కొడ్తుంటె చూసి బాధ అయితది.

సెన్సర్లు ఉన్న బంపర్ గురించి. 2019 జులై 1 నుంచి కొత్త కార్లకు వెనక పార్కింగ్ సెన్సర్లు తప్పనిసరి అయినయి. రంగు కొట్టేటప్పుడు వాటిని ఊడదీయాలె. లోపల ఉంచి మీదికెల్లి మందంగ కొడ్తె సెన్సర్ ఊకనే మోగుతది, లేదంటె అసలే మోగదు. ముందటి బంపర్ ఎనుక రాడార్ ఉన్న బండ్లకు ఆ చోట పుట్టీ, పిన్నులు, మందం రంగు ఏవీ పడొద్దు. ఆ పని షెడ్డుకు ఇయ్యొద్దు.

కొత్త బంపరా, కంపెనీ సెంటరా

చిన్న హ్యాచ్‌బ్యాక్‌కు లెక్క వేరే. రంగు ఖర్చు పాతదానికైనా కొత్తదానికైనా ఒక్కటే. వెల్డింగ్, లప్పం, గీసుడు కూలి కలుపుకుంటె ఒరిజినల్ కొత్త తొడుగు ధరకు దగ్గరికి వస్తది. పగులు జానెడు దాటినా, రెండు లాకులు పోయినా కొత్తదే నయం. పెద్ద ఎస్‌యూవీల తొడుగు ధర ఎక్కువ, అక్కడ మరమ్మతుకు అర్థం ఉంది. కంపెనీది కాని నకలు బంపర్ సగం ధరకు వస్తది గానీ ఫెండర్ కాడ సందు కలువకపోవుడు దాని పుట్టు గుణం. ఎక్కించి చూడకుండ రంగు కొట్టనీయొద్దు. కొత్త బంపర్ మీద అచ్చు నుంచి ఊడనీకె పూసిన జిడ్డు ఉంటది, సబ్బు నీళ్లతోని, తర్వాత క్లీనర్‌తోని తుడవకుంటె దాని మీద కూడా రంగు లేస్తది. హైదరాబాద్ పోయి పాత సామాన్ల మార్కెట్ల అదే రంగు బంపర్ వెతుకుడు నల్లగొండ, పాలమూరు నుంచి ఇంచుమించు వంద కిలోమీటర్ల పని. దొరికితె లాభమే. దాని లాకులు మాత్రం ఒక్కొక్కటి వేలు పెట్టి చూసుకోవాలె.

కంపెనీ సెంటర్ల రేటు ఎక్కువ, రంగు మేలు. బూత్‌ల కొడ్తరు, 60 డిగ్రీల దాకా కాలుస్తరు, వారంటీ కాగితం ఇస్తరు. జిల్లా టౌన్లల్ల కొన్ని సెంటర్లకు సొంత బూత్ ఉండదు, బంపర్‌ను హైదరాబాద్ పంపుతరు. ఎక్కడ కొడ్తరో అడిగితె చెప్తరు, ఎన్ని రోజులో అప్పుడే తెలుస్తది.

ఇన్సూరెన్స్ మీద చేయిద్దామనుకుంటె ఇప్పకముందే చెప్పాలె, సర్వే అయినంకనే పని. క్లెయిమ్ ఉచితం కాదు. జీరో డిప్రిసియేషన్ (పార్ట్ పాతబడ్డ తరుగు కొయ్యని ఆడాన్, అంటె అదనపు కవర్) లేకుంటె ప్లాస్టిక్ పార్ట్‌ల సగం మనమే పెట్టాలె. పెయింట్ బిల్లు ఒక్కముద్దగ ఇస్తె దాంట్ల 25 శాతం మెటీరియల్ కింద లెక్కేసి, దాంట్ల సగం కోస్తరు. 1500 సీసీ లోపు కారుకు ఇంకో 1000 రూపాయలు తప్పనిసరి కోత, పైన అయితె 2000. బంపర్ 4000, పెయింట్ 4000, కూలి 1000 అనుకుంటె 9000ల 2000, 500, 1000 పోయి చేతికి వచ్చేది 5500. అటు నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చెయ్యని ఏండ్లకు ప్రీమియంల వచ్చే తగ్గింపు) 50 శాతం ఉన్నోళ్లది సున్నాకు పడి 20, 25, 35, 45 మెట్లు ఎక్కి మళ్ల 50 చేరేసరికి ఐదేండ్లు. ఆ ఐదేండ్లల్ల పోయేది 50, 30, 25, 15, 5. కలిపితె ఓన్ డ్యామేజ్ (మన బండి దెబ్బలకు కట్టే) ప్రీమియంల 125 శాతం. ఆ ప్రీమియం 8000 అయి మారకుండ ఉంటె 10,000 రూపాయలు. 5500 కోసం 10,000 వదులుకునుడు అన్నట్టు. బోనస్ ప్రొటెక్షన్ ఆడాన్ ఉన్నోళ్ల సంగతి వేరే.

బండి తీసుకునేటప్పుడు పొద్దున పది గంటలకు పోవాలె, సాయంత్రం కాదు. ఫెండర్ సందుల వేలు గోరు రెండు దిక్కులా ఒక్కతీరే దూరాలె. ఫాగ్ ల్యాంప్ వేసి చూడాలె, రివర్స్ గేర్ల సెన్సర్ మోగాలె, మూలను ఒత్తితె టక్కుమనొద్దు. కింద చెయ్యి పెట్టి క్లిప్పులు లెక్కపెట్టాలె. ఇప్పినప్పటి ఫొటో ఇక్కడ అక్కరకొస్తది. ఊడదీసిన పాత బ్రాకెట్, క్లిప్పులు చేతికియ్యమని అడిగితె పని జరిగిందో లేదో తెలిసిపోతది. తర్వాత వారం రోజులు నీళ్లతోని కడగొద్దు, నెల దాకా వ్యాక్స్ పెట్టొద్దు, కవర్ అసలే కప్పొద్దు. ప్రెషర్ వాషర్ గన్ బంపర్ అంచుకు జానెడు దూరంల పెట్టి కొట్టే వాటర్ సర్వీసింగ్ షాపులకు మొదటి రెండు నెలలు పోకుంటెనే మంచిది.